వీధిలో పొడి చెత్త పోగుచేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మా వీధిలో ఈ పని మొదటిసారి తలపెట్టినప్పుడు అందరూ చేసేదే మేమూ చేశాం. ఆదివారం సాయంత్రం మిద్దె మీద మీటింగు పెట్టి, టీ ఇచ్చి, తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని చెప్పాం. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు సరేనన్నారు. రెండు వారాలు బాగానే నడిచింది. మూడో వారం, మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న ఒక వదిన కళ్ళారా చూసింది. ఆమె కడిగి, ఆరబెట్టి, ముడేసి ఇచ్చిన పొడి సంచీని బండి అబ్బాయి వీధి మలుపు తిరగ్గానే సాంబారూ అన్నమూ ఉన్న అరలోకి బోర్లించాడు. సాయంత్రానికి వీధి వీధంతా ఆ మాటే. మర్నాడు మళ్ళీ అందరిదీ ఒకే బకెట్.

తర్వాత ఆ అబ్బాయినే అడిగితే అసలు సంగతి తెలిసింది. బండిలో పొడి చెత్త అర మా వీధికి రాకముందే నిండిపోతోంది. దాన్ని మధ్యలో ఎక్కడ ఖాళీ చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. మేము ఊరందరికీ చెప్పాం, అతనికి తప్ప.

అందుకే ఈ పద్ధతి తలకిందులుగా ఉంటుంది. చెత్త ఆఖరికి ఎక్కడికి చేరుతుందో అక్కడ మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ మీ వంటింటికి రండి. ఇళ్ళవాళ్ళతో మాట్లాడేది అన్నిటికంటే ఆఖరున. తిరుపతిలో కొర్లగుంట అయినా, బైరాగిపట్టెడ అయినా, ఎం.ఆర్.పల్లె అపార్ట్‌మెంట్లయినా వరస ఇదే. చిత్తూరులోనూ ఇదే పనికొస్తుంది.

ఒక పొద్దున బండి వెంట తిరగండి

పొద్దున్నే లేచి, చెత్త బండి మీ వీధికి రాకముందే రెండు వీధుల అవతల దాన్ని పట్టుకోండి. నోట్ బుక్కు వద్దు. పుస్తకం చేతిలో చూస్తే ఎవరో తనిఖీకి వచ్చారని టెన్షన్ పడతారు. ఊరికే పక్కన నడుస్తూ నాలుగు సంగతులు గమనించండి. బండిలో అరలు నిజంగా విడిగా ఉన్నాయా? ఏ అర ఏ వీధిలో నిండుతోంది? నిండిన బండి ఎక్కడికి పోతోంది? దారిలో చెత్త మీద ఇంకెవరి చేయి పడుతోంది?

ఈ ఆఖరి ప్రశ్నే ముఖ్యం. బాగా చూస్తే బండి పక్కన ఒక గోతాం సంచి వేలాడుతూ కనిపించవచ్చు. పనివాళ్ళు దారి పొడుగునా నీళ్ళ సీసాలు, అట్టపెట్టెలు ఏరి అందులో వేసుకుంటారు. అది వాళ్ళ టీ ఖర్చు, పిల్లల బిస్కెట్ ప్యాకెట్. ఇంకా ముందే, చీకటి ఉండగానే, సందుల్లో ఏరుకుని పోయేవాళ్ళు వేరే ఉంటారు. మీరు రేపు సీసాలన్నీ పోగుచేసి అమ్మేస్తే మొదట కన్నం పడేది వీళ్ళ జేబుకే. మా పని మొదటిసారి చెడడానికి ఇదీ ఒక కారణమేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. కాబట్టి వాళ్ళకు వాటా లేని లెక్క వేయకండి. దాని గురించి కింద చెబుతాను.

వీలైతే కార్పొరేషన్ వాళ్ళ అనుమతి తీసుకుని ఒకసారి రేణిగుంట దగ్గర తూకివాకంలో ఉన్న తిరుపతి చెత్త ప్లాంటు కూడా చూసి రండి. మీతో పాటు వీధిలో అందరికంటే ఎక్కువ పేచీ పెట్టే మనిషిని తీసుకుపోండి. తడి చెత్తలో పాలిథీన్ కవర్లు కలిసి వస్తే అక్కడ ఎంత తంటానో ఆయన వచ్చి చెబితే వీధి వింటుంది. మీరు చెబితే వినదు.

కొనేవాళ్ళతో బేరం

రెండో మెట్టు, పాత సామాన్ల అంగడి. మీ ఇంట్లో వారం రోజుల పొడి చెత్త, ఏదీ ఏరకుండా, ఒక సంచీలో వేసుకుని పోండి. మాటలతో అడిగితే ‘అన్నీ తీసుకుంటాం సార్’ అంటారు. సంచి బోర్లిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

నేను వెళ్ళినచోట అంగడాయన కుర్చీలోంచి లేవకుండానే కాలితో కుప్పను రెండుగా చీల్చాడు. నీళ్ళ సీసాలు ఇటు. షాంపూ, నూనె డబ్బాలు ఇటు. పాల ప్యాకెట్లు ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి, ముఖం చిట్లించి అటు నెట్టాడు. అట్టపెట్టెను నొక్కి చూసి, అడుగు తడిసి ఉందని సగం ధరే అన్నాడు. బిస్కెట్ రేపర్లు, చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు మాత్రం తాకనైనా తాకలేదు. ‘ఇవి ఎవరూ తీసుకోరన్నా, ఇంటికి తీసుకుపో’ అన్నాడు. పాల ప్యాకెట్లు కడిగి తెస్తే కొంటావా అంటే, కిలోల లెక్కన తెస్తే కొంటానన్నాడు. మా వీధి నియమావళి మొత్తం ఆ రెండు నిమిషాల్లో తయారైంది.

మీరూ ఇలాగే రెండు మూడు అంగళ్ళు తిరగండి. వాళ్ళు ఏవి కొంటారు, ఎన్ని కిలోలైతే తామే ఆటో పంపుతారు, డబ్బు అక్కడికక్కడే ఇస్తారా అన్నవి తేల్చుకోండి. ధర గురించి మరీ పీకులాడొద్దు. అది వారానికో తీరుగా మారుతుంది. దానికంటే కాటా గురించి పట్టుబట్టండి. తూకం మీ వీధిలో, మీ కాటా మీద జరగాలి. కొక్కేనికి తగిలించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కొంటే చాలు. తూకం దగ్గర ఒక్కసారి అనుమానం వచ్చిందంటే ఆ పొత్తు నిలవదు.

మామూలుగా వీధిలో ‘పాత పేపర్లు, పాత ఇనప సామాన్లు’ అని కేక వేసుకుంటూ వచ్చే తోపుడు బండి మనిషి మీకు తెలిసే ఉంటాడు. పెద్ద అంగడికంటే ముందు ఆయన్ని అడగండి. ఆయనకు శనివారం శనివారం ఖాయమైన సరుకు, మీకు రోజూ చూసే ముఖం. ఈ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది.

సచివాలయంలో ఒక కాగితం

వార్డు సచివాలయంలో పారిశుద్ధ్యం చూసే సెక్రటరీ ఉంటారు. వాళ్ళ కింద మేస్త్రీ ఉంటాడు. నిజానికి మీ వీధికి ఏ మనిషి, ఏ బండి రావాలో చూసేది మేస్త్రీయే. అనుమతి సెక్రటరీ దగ్గర అడగండి, వివరం మేస్త్రీకి చెప్పండి. రెండోది మరిచిపోతే మొదటిది కాగితం మీదే ఉంటుంది.

మీరు ఏదో సాయం అడుక్కోవడానికి వెళ్ళినట్టు నిలబడనక్కర్లేదు. 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే ఆ మాట రాశారు. నివాసుల సంఘాలు స్థానిక సంస్థతో కలిసి, చెత్త పుట్టినచోటే వేరయ్యేలా చూడాలి. ఏరుకునేవాళ్ళనూ, పాత సామాన్లవాళ్ళనూ అందులో కలుపుకోవాలి. వినతిపత్రం నాలుగు వాక్యాలు మించకూడదు. మేము రాసింది దాదాపు ఇలా ఉంది:

‘మా వీధిలో 20 ఇళ్ళవాళ్ళం వచ్చే శనివారం నుంచి పొడి చెత్తను ఇంట్లోనే వేరు చేసి, వారానికి ఒకసారి ఒకచోట పోగుచేసి అమ్ముతాం. తడి చెత్త, డైపర్లు, ప్యాడ్లు రోజూ బండికే ఇస్తాం. అమ్ముడుపోని ప్లాస్టిక్ కవర్లు వారానికి ఒక సంచి విడిగా ఇస్తాం, దాన్ని విడిగానే తీసుకుపోయేలా మేస్త్రీ గారికి చెప్పగలరు. పోగుచేసే రెండు గంటలు వాటర్ ట్యాంకు పక్క స్థలం వాడుకోనివ్వగలరు.’

ఇంకొక కిటుకు. 2025 జనవరి నుంచి రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర–స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. ఆ రోజు చూపించడానికి అధికారులకు కూడా ఏదో ఒక పని కావాలి. మీ మొదటి పోగు మూడో శనివారం పెట్టుకుంటే బండి, మనిషి, అవసరమైతే షామియానా కూడా అడగకుండానే వస్తాయి. ఫొటోలు వాళ్ళు తీసుకోనీ, మనకేం పోయింది.

ఆర్పీ అక్క, డ్వాక్రా గ్రూపు

పట్టణంలో పొదుపు సంఘాలను మెప్మా, అంటే పట్టణ పేదల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ, నడుపుతుంది. ప్రతి చోటా కొన్ని గ్రూపులకు ఒక రిసోర్స్ పర్సన్, అందరూ పిలిచే పేరు ఆర్పీ. ఏ ఇంట్లో ఎవరు అద్దెకున్నారు, ఏ ఇంట్లో అత్తను ఒప్పిస్తే కోడలు ఒప్పుకుంటుంది, ఎవరి తలుపు ఎన్ని గంటలకు తట్టాలి, ఇదంతా ఆమెకు తెలిసినంతగా మీకు పదేళ్ళు ఆ వీధిలో ఉన్నా తెలియదు.

ఆమె దగ్గరికి పోయేటప్పుడు ‘సేవ’ అనే మాట ఇంట్లో వదిలేసి పోండి. ఆడవాళ్ళతో ఊరికే చేయించుకోవాలనుకునే ప్రతి పనికీ మనవాళ్ళు ఆ పేరే పెడతారు. శనివారం రెండు గంటలు ఇద్దరు సభ్యులు కూర్చుని తూకం వేసి, రాసి, ఏరి పెడితే అమ్మిన డబ్బులో ఇంత అని ముందే చెప్పండి. తక్కువే కావచ్చు, కానీ తేలి ఉండాలి. గ్రూపు పుస్తకాల్లో లెక్క రాయడం వాళ్ళకు కొట్టిన పిండి, కాబట్టి లెక్కా వాళ్ళకే ఇవ్వండి. మగవాళ్ళం నలుగురం కలిసి రాసిన పుస్తకంలో రెండు నెలలకు కూడిక తప్పింది. వాళ్ళ పుస్తకంలో పావలా తేడా రాలేదు.

కాలేజీ పిల్లల సంగతి. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ ఉన్న ఊరిలో ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లకు కొదవ లేదు. రెండేళ్ళలో 240 గంటల సేవ వాళ్ళకు ఎలాగూ కావాలి. మొదటి నెల ఇంటింటికీ తిరగడానికి పిలవండి, బాగా పనికొస్తారు. పరీక్షలు రాగానే మాయమవుతారు, కాబట్టి వారం వారం జరిగే పని వాళ్ళ మీద పెట్టొద్దు. బడిలో ‘ఎవరు ఎక్కువ సీసాలు తెస్తే వాళ్ళకు ప్రైజ్’ అనే పోటీ మాత్రం దయచేసి పెట్టకండి. మా పక్కింటి బుడ్డోడు సీసా కోసం మూడు రోజులు వరసగా కూల్ డ్రింకు కొనిపించుకున్నాడు.

ఇప్పుడు గడప దగ్గరికి

ఇంత అయ్యాకే ఇళ్ళకు పోండి. మొదట ఇరవై ఇళ్ళు చాలు. మొదటి నెల మూడే వస్తువులు అడగండి: సీసాలూ డబ్బాలూ, అట్టలూ కాగితాలూ, పాల ప్యాకెట్లు. భూమి, పర్యావరణం, రాబోయే తరాలు అని మొదలుపెడితే లోపల కుక్కర్ విజిల్ వేస్తుంది, ఆమె లోపలికి పోతుంది. ‘అక్కా, పాల ప్యాకెట్లు పారేయకండి. శనివారం పొద్దున గ్రూపు వాళ్ళు కూర్చుంటారు, అక్కడ ఇవ్వండి’ అంటే చాలు.

పాల ప్యాకెట్ గురించి మాత్రం నిలబడి చేసి చూపించండి. మూల కత్తిరించేటప్పుడు ముక్క ఊడిపోకూడదు, ప్యాకెట్‌కే అంటుకుని వేలాడుతుండాలి. ఆ గోరంత ముక్క ఒకసారి విడిపోతే మళ్ళీ ఎవరి చేతికీ దొరకదు, నేరుగా కాలువలోకే. పాలు పోశాక ప్యాకెట్‌ను నిలువుగా చీల్చి, గిన్నెలు కడిగిన ఆఖరి నీళ్ళలో ఒక్కసారి జాడించి, తడితోనే సింకు పైన టైల్ మీద అతికించండి. సాయంత్రానికి ఆరి అదే ఊడి కింద పడుతుంది. దీనికోసం కొత్త నీళ్ళు వాడమని చెప్పకండి. ఎండాకాలం ట్యాంకర్ కొనుక్కునే వీధిలో ఆ ఒక్క మాటతో మీ పరువు పోతుంది.

బుట్టలు కొత్తగా కొనిపించొద్దు. 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం కింద ఇంటికి మూడేసి బుట్టలు పంచారు. మీ వీధిలో సర్వే చేయండి, ఆకుపచ్చ దాంట్లో చెత్త, నీలం దాంట్లో ఉల్లిపాయలు, ఎరుపు దాంట్లో బాత్రూం సామాను ఉంటాయి. ఉల్లిపాయలను అక్కడే ఉండనివ్వండి. పొడి చెత్తకు వంటింటి తలుపు వెనక మేకుకు ఒక బియ్యం సంచి తగిలిస్తే సరిపోతుంది. వారమంతా పట్టేది అందులోనే పడుతుంది, కాలికి అడ్డం రాదు.

ప్యాడ్లు, డైపర్ల గురించి ఆర్పీ అక్కతోనే చెప్పించండి. కాగితంలో చుట్టి, పైన ఎర్ర స్కెచ్‌తో ఒక గుర్తు పెట్టి విడిగా ఇవ్వాలి. ఆ గుర్తు ఎందుకంటే, చెత్త ఏరేచోట ఆ పొట్లాలు విప్పి చూసేవి చేతి తొడుగు కూడా లేని వేళ్ళు. పగిలిన గాజుకూ అంతే. తడి చెత్త ఎరువు ముచ్చట ఇప్పుడే ఎత్తుకోవద్దు. మిద్దె తోట ఉన్నవాళ్ళు చేసుకుంటారు, మిగతావాళ్ళు రోజూ బండికి ఇస్తారు. రెండు పనులు ఒకేసారి చెబితే ఏదీ చేయరు.

అద్దె గదుల్లో ఉండే కుర్రాళ్ళు శనివారం పొద్దున లేవరు. వాళ్ళ బిర్యానీ డబ్బాలు, నీళ్ళ సీసాలే వీధిలో సగం సరుకు. మెట్ల కింద ఒక గోతాం పెట్టి, వాచ్‌మన్‌కో ఇంటామెకో అప్పజెప్పండి, దాని మీద వచ్చిందంతా వాళ్ళకే అని చెప్పండి. మా దగ్గర అన్నిటికంటే నిండుగా వచ్చే సంచి అదే.

శనివారం, తూకం, డబ్బు

పొద్దున ఏడు నుంచి తొమ్మిది. ఒక బల్ల, ఒక కాటా, ఒక పుస్తకం, నాలుగు గోతాలు. తూకం రాసేటప్పుడు ఇంటి పేరు పక్కన బరువు రాయండి, రూపాయలు రాయొద్దు. ఇంటింటికీ డబ్బు పంచడం మొదలుపెడితే రెండు రూపాయల చిల్లర కోసం పంచాయితీ వస్తుంది. ఒక లీటరు నీళ్ళ సీసా ఖాళీది పాతిక గ్రాములు కూడా తూగదు. నలభై పైన పోగైతే గానీ కిలో కాదు. ఈ లెక్క తెలిస్తే ఎవరూ కోటలు కట్టరు.

వచ్చిన మొత్తాన్ని మేము ఇలా చేశాం: సగం కూర్చున్న గ్రూపు సభ్యులకు, పావు వంతు బండి పనివాళ్ళకు, పావు వంతు వీధి పెట్టెలో. బండివాళ్ళకు అదే రోజు, అందరి ముందు, చేతికిచ్చాం. ఆ తర్వాత ‘సంచి విడిగా పెట్టు తమ్ముడూ’ అని చెప్పాల్సిన పని రాలేదు. చీకట్లో ఏరుకునే పెద్దమ్మ ఒకామె మొదట దూరంగా నిలబడి చూసేది. నాలుగో వారం ఆమెనే గాజు సీసాలు, ఇనుము తీసుకుపొమ్మన్నాం, వాటిని మా పుస్తకంలో రాయలేదు.

వీధి పెట్టె డబ్బుతో స్టీలు ప్లేట్లు, గ్లాసులు కొన్నాం, ఇంకొన్ని వీధివాళ్ళే ఇచ్చారు. సీమంతం, పుట్టినరోజు, పెద్దల తద్దినం, ఏది వచ్చినా ఇంటికి తీసుకుపోయి, కడిగి తెచ్చివ్వాలి. పేపరు ప్లేటు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది, అన్నం అంటుకుంటుంది, దాన్ని ఏ అంగడాయనా కొనడు. రాకుండా చూసుకోవడమే నయం. వంద మందికి మించి పిలిచే భోజనం లైసెన్సు లేని చోట పెడితే మూడు పనిదినాల ముందు కార్పొరేషన్‌కు చెప్పాలని కూడా ఆ 2016 నిబంధనల్లో రాశారు. చాలామందికి తెలియదు. చెబితే అదనపు బండి అడగవచ్చు.

ఎవరూ కొనని సంచి

చిప్స్, బిస్కెట్, సాచెట్ల సంచి మిగిలిపోతుంది. వాటిలో ప్లాస్టిక్‌కు అల్యూమినియం పొర అతికి ఉంటుంది, విడదీయడం గిట్టదు. ఇలాంటివి సిమెంటు ఫ్యాక్టరీల బట్టీల్లో ఇంధనంగా పోతాయి, అదీ పొడిగా, విడిగా చేరితేనే. అందుకే కాగితంలో ఆ వాక్యం ప్రత్యేకంగా రాయమన్నాను. పల్చటి క్యారీ బ్యాగులూ ఇందులోకే. 120 మైక్రాన్ల మందానికి తక్కువవి 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమే అయినా పూలంగడి నుంచి అవి ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటిని ఇంటి ముందు కాల్చేవాళ్ళతో పోట్లాడకుండా, వాళ్ళ ఇంటికి ఒక సంచి అదనంగా ఇవ్వండి.

కార్తీక మాసం వానల్లో పోగు బయట పెట్టకండి. తడిసిన అట్ట బరువు తూగినా ధర పలకదు. 2021 నవంబరులో తిరుపతి ఊళ్ళోకి నీళ్ళొచ్చినప్పుడు కాలువల మూతుల దగ్గర ఏం పేరుకుందో చూసినవాళ్ళకు ఆ నెలల్లో ఒక్క వారం కూడా మానొద్దని చెప్పనక్కర్లేదు. మా దగ్గర కారు లేని ఒక పార్కింగ్ గది దొరికింది. ఇంటాయనకు బదులుగా ఆయన పాత ఫ్రిజ్‌ను మేమే అమ్మిపెట్టాం.

బండి మళ్ళీ కలిపేస్తే ఏం చేయాలి? కలిపేస్తారు, మనిషి మారినప్పుడల్లా. వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. కొత్త మనిషికి కొత్తగా టీ ఇచ్చి, మేస్త్రీని పిలిచి, శనివారం ఒక్కసారి బల్ల దగ్గర కూర్చోబెట్టండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు మారినప్పుడూ ఇదే మందు.

ఏడాదిలో పెద్ద పోగు భోగికి ముందు వారం వస్తుంది. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు పిడి ఊడిన కుక్కర్, తిరగని మిక్సీ, అటక మీది రేడియో, పాత చెప్పులు అన్నీ బయటపడతాయి. లేకపోతే వీటిలో సగం, టైర్లతో సహా, భోగి మంటలోకే పోతాయి. అంగడాయనకు పది రోజుల ముందే చెప్పి పెద్ద ఆటో తెప్పించండి. మిక్సీలు, ఛార్జర్లు, బ్యాటరీలు వేరే సంచీలో పెట్టి, ఈ-వేస్ట్ ఎవరు తీసుకుంటారో సెక్రటరీ దగ్గర ముందే అడిగి పెట్టుకోండి. చిరిగిన ఈత చాప, అరిగిన పరక మాత్రం ఎవరైనా తెచ్చినా తీసుకోకండి. వాటి కోసం పిల్లలు డప్పు పట్టుకుని కాచుకుని ఉంటారు.